క్యాలెండరమ్మ గారి నీలం గీత

జనవరి 9

మరదలు పిల్లకి,

ఫోన్లో నేను "ఆఁ", "ఊఁ" తప్ప ఇంకో మాట ఆడనని, అదే చేతికి కాగితం ఇస్తే నన్ను ఆపడం ఎవరి తరమూ కాదని మీ అక్క నీకు చెప్పిందట. సరే, ఇదిగో కాగితం. ఇక నీ ఖర్మ.

ముందు సంతోషం సంగతి. మా ఊరికి ఈతకొలను వస్తోంది. పంపులు, గొట్టాలు, షవర్లు, నీళ్ళతో సంబంధం ఉన్న పని మొత్తం నాకే వచ్చింది. ఇరవై రెండేళ్ళుగా ఈ ఊళ్ళో కారే ప్రతి కుళాయికీ నేనే దిక్కు. కానీ ఎవరైనా కుళాయి బాగయ్యాక దాని వంక మళ్ళీ చూస్తారా? ఇప్పుడు ఊరు ఊరంతా నా పనిలో దిగి మునగబోతోంది. మీ అక్క అప్పుడే నన్ను "కొలను గారూ" అని పిలవడం మొదలుపెట్టింది.

ఇక ఏడుపు సంగతి. క్రితంసారి టౌన్ హాలు కట్టడానికి ఆరేళ్ళు పట్టింది. రంగులు వేసినవాడు అటు వెళ్ళగానే కరెంటువాడు వచ్చి గోడలు పగలగొట్టాడు, వాడు వెళ్ళగానే నేను వచ్చి మళ్ళీ పగలగొట్టాను. అందుకని కౌన్సిల్ వాళ్ళు ఈసారి తెలివి తెచ్చుకుని కన్‌స్ట్రక్షన్ మేనేజర్ అని ఒకావిడని పెట్టారు. ఆవిడ గోడ కట్టదు, నక్ష గీయదు, గొట్టం బిగించదు. మరి ఏం చేస్తారమ్మా అని అడిగితే, మేమందరం ఒకరి కాళ్ళు ఒకరం తొక్కుకోకుండా చూస్తానంది. తను కాంట్రాక్టర్ల మనిషి కాదట, ఊరి తరఫు మనిషట.

సైటు ఆఫీసులో ఒక గోడ మొత్తం కాగితం అంటించింది. దాని మీద అన్ని రోజులూ, అన్ని వారాలూ, ఒక్కో పనివాడికి ఒక్కో రంగు గీత. మట్టి తవ్వేవాళ్ళకి గోధుమ రంగు, కడ్డీలు కట్టేవాళ్ళకి ఎరుపు, నాకు నీలం. అందరం ఆవిడకి క్యాలెండరమ్మ అని పేరు పెట్టుకున్నాం, ఆవిడ చెవిన పడకుండా. ప్రతి సోమవారం ఎనిమిదింటికి ఆ గోడ ముందు మీటింగు. కుర్చీలు ఉండవు. కూర్చుంటే మాటలు సాగుతాయట. నిలబెట్టి, పెన్సిలు ఎత్తి, తల కాస్త పక్కకి వంచి "మరి మీ గీత?" అంటుంది. నేను కొలను కోసం తవ్విన గుంటలోకి దిగాక అదే పెన్సిలు, అదే తల వంపు చేసి చూపిస్తే కడ్డీల వాళ్ళు పొట్ట పట్టుకుని కింద కూలబడుతున్నారు. ఈ వయసులో నాలో ఇంత నటుడున్నాడని నాకే తెలీదు.

నిలబడి నిలబడి కాళ్ళు లాగుతున్న,
నీ నీలం రంగు బావ


జనవరి 17

నీలం రంగు బావగారికి,

మీ క్యాలెండరమ్మ చూడకుండానే నాకు నచ్చేసింది. కోపం తెచ్చుకోకండి, కారణం చెప్తాను.

మా కౌన్సిల్లో నేను నక్షలు గీస్తానని మీకు తెలుసుగా. గీసి ఇచ్చేవరకే నా పని. ఆ తర్వాత ఎవరు ఎప్పుడు ఏం కడతారో అడిగే నాథుడు లేడు. కొత్త బస్టాండు పైకప్పు ఒకాయన వేశాడు, కరెక్టుగా నేను గీసిన ఎత్తుకే. తర్వాత ఇంకొకాయన వచ్చి, వానాకాలంలో నీళ్ళు నిలుస్తాయని రోడ్డు ఎత్తు పెంచాడు. మంచి ఆలోచనే. మొన్న మొదటి బస్సు తెచ్చి చూశారు. కండక్టరు కిందికి దిగి, వెనక్కి నడుస్తూ, "రా... రా... రా..." అని, ఉన్నట్టుండి ఆగి పైకప్పు వంక చూశాడు. నాలుగు అంగుళాలు బావగారూ. బస్సు బయట, ప్రయాణికులు లోపల.

టైర్లలో గాలి తీస్తే పడుతుందని ఒకాయన సలహా ఇచ్చాడు. కాంట్రాక్టర్లిద్దరూ ఒకరి వైపు ఒకరు వేళ్ళు చూపించుకుంటుంటే, మా కౌన్సిల్ అధ్యక్షురాలు మధ్యలో చేతులు చాపి ట్రాఫిక్ పోలీసులా నిలబడ్డారు. ఆ రెండు పనుల మధ్యా నిలబడి "ఆగండి" అనే మనిషి ఒక్కరుంటే ఇదంతా జరిగేదా? ఆ మనిషిని మీరు వెక్కిరిస్తున్నారు.

ఇంతకీ ఆవిడంటే మీకు కోపమా, భయమా? రెండూ అయితే నిర్మొహమాటంగా రాయండి.

నాలుగు అంగుళాల దుఃఖంలో,
మీ మరదలు


ఫిబ్రవరి 3

మరదలికి,

ఈసారి పిల్లా గిల్లా ఏమీ లేదు, ఒళ్ళు మండిపోతోంది.

కొలను అడుగున వేసే గొట్టాలన్నీ వేసేశాను. వాటి మీద కాంక్రీటు పోసేముందు ప్రెషర్ టెస్టు చేయాలంది మేనేజరు. అంటే గొట్టాల నిండా నీళ్ళు ఎక్కించి, బిగించి, గేజి ముల్లు ఒక రోజంతా కదలకుండా ఉంటుందో లేదో చూడడం. కాసేపు చూస్తే చాలదా అన్నాను. రోజంతా అంది. సరే, నిన్న పొద్దున బిగించాం. ఇవాళ పొద్దున చూస్తే ముల్లు దిగి ఉంది.

దిగితే దిగింది, ఆ గేజి ఎప్పటిదో ఏమో, వేరేది పెట్టి చూద్దామన్నాను. వేరేది పెట్టింది. అదీ దిగింది. రెండు గేజిలూ కలిసి నా మీద కుట్ర పన్నాయి, ఇంకేం చెప్పను. అటు చూస్తే ఎల్లుండి గురువారం కాంక్రీటు పోయడం చూడడానికి మా కౌన్సిల్ ఛైర్మన్ గారు ఊరి పెద్దలందరినీ పిలిచేసుకున్నారు. ఈవిడ తాపీగా ఫోనెత్తి గురువారం కాంక్రీటు వద్దని చెప్పేసింది. ఛైర్మన్ గారు పరుగున వచ్చి ఒంటికాలి మీద లేచారు. ఆవిడ గొంతు పెంచలేదు. ఇప్పుడు పోస్తే, రేపు పగలగొట్టేటప్పుడు కూడా ఇదే పెద్దలని పిలవాల్సి వస్తుందని మాత్రం అంది. ఆయన అక్కడే నిలబడి పెద్దలకి ఒక్కొక్కరికే ఫోన్ చేసి రావద్దని చెప్పుకున్నారు.

అందరూ నా వంక చూశారు. ఇరవై రెండేళ్ళలో ఒక్క జాయింటు కారలేదు నాది. ఈవిడని ఎవరైనా వచ్చి తీసుకుపోతే వాళ్ళింట్లో కుళాయిలన్నీ జీవితాంతం ఊరికే బాగుచేసి పెడతాను. నిజంగానే అంటున్నాను.

మంటతో,
బావ


ఫిబ్రవరి 5

మరదలు పిల్లా,

మొన్నటి ఉత్తరం చింపెయ్. నీకు దండం పెడతాను, చింపెయ్.

నిన్న నేనొక్కణ్ణే గుంటలోకి దిగాను. ఒక్కో జాయింటు దగ్గరా చెయ్యి పెట్టి, తుడిచి, మళ్ళీ చెయ్యి పెట్టి, మోకాళ్ళ మీద పాకుతూ వెళ్ళాను. లోతు వైపు మూలలో పదిహేడో ఎల్బో, అదే గొట్టం వంపు తిరిగే చోట తొడిగే ముక్క, దాని కింద మట్టి తడిగా ఉంది. విప్పి చూస్తే లోపల సొల్యూషన్ చుక్క లేదు. అతికించలేదన్నమాట. కొలత కోసం ఊరికే తొడిగి పెట్టి, మళ్ళీ తీసి అతికించడం మరిచిపోయాను.

ఎలా మరిచిపోయానో కూడా గుర్తొచ్చింది. ఆ ఎల్బో తొడుగుతూనే కదా నేను సొల్యూషన్ బ్రష్ పెన్సిల్లా పైకెత్తి, తల పక్కకి వంచి, "మరి మీ గీత?" అన్నాను. అందరూ నవ్వారు. ఆ నవ్వు చూసి ఇంకోసారి చేశాను. తర్వాత పద్దెనిమిదో దానికి వెళ్ళిపోయాను.

మోకాళ్ళ నిండా బురదతో అక్కడే కూర్చుండిపోయాను. విషయం ఎవరికీ తెలీదు. గమ్మున అతికించి, గేజి సరిచేశామని చెప్తే నన్ను అడిగేవాడు లేడు. మనసు అటూ ఇటూ ఊగింది, అబద్ధం ఎందుకు. తర్వాత ఎల్బో చేతిలో పట్టుకుని పైకెక్కి సైటు ఆఫీసుకి వెళ్ళాను. కడ్డీల వాళ్ళు, కరెంటువాడు, ఛైర్మన్ గారు, అందరూ ఉన్నారు. "గేజి తప్పు కాదండీ, నాది. ఇది అతికించలేదు" అని బల్ల మీద పెట్టాను. 

మేనేజరు గారు ఎల్బో ఇటూ అటూ తిప్పి చూశారు. ఎన్నో నంబరని అడిగారు, చెప్పాను. గోడ దగ్గరికి వెళ్ళి నా నీలం గీత రెండు రోజులు, ఎర్ర గీత రెండు రోజులు జరిపారు. అంతే. ఒక్క మాట అంటే ఒట్టు. ఆవిడ తిట్టి ఉంటే హాయిగా ఇంటికెళ్ళి అన్నం తినేవాణ్ణి. తిట్టకపోయేసరికి రాత్రి ముద్ద దిగలేదు.

మీ అక్కకి ఈ సంగతి చెప్పకు.

సిగ్గుతో సగమైన,
బావ


ఫిబ్రవరి 8

బావగారికి,

మూడో తారీకు ఉత్తరం అందింది. చదివి ఒక్క పూట కూడా ఆగలేదు. మీరు నిజంగానే అంటున్నానని రాశారు కదా, నేనూ నిజంగానే పని మొదలుపెట్టాను.

మా అధ్యక్షురాలికి మీ ఉత్తరంలో టెస్టు భాగం చదివి వినిపించాను. ఛైర్మన్ ఎదురుగా కాంక్రీటు ఆపేసిన మనిషి గురించి విని ఆవిడ కుర్చీలోంచి లేచారు. "మనకి కావలసింది ఈవిడే" అన్నారు. అప్పటికప్పుడు మీ మేనేజరు గారికి ఉత్తరం తయారైంది. ఆఫీసు భాష చప్పగా ఉందని చివర్లో నేనో నాలుగు వాక్యాలు సొంతంగా చేర్చాను. చూస్తూ ఉండండి, నెల తిరక్కుండా మీ పీడ వదిలిపోతుంది. మా బస్సు లోపలికి వస్తుంది. ఇద్దరికీ లాభం.

కుళాయిల సంగతి మరిచిపోకండి. మా వంటింట్లోది ఒకటి, పెరట్లోది ఒకటి.

విజయగర్వంతో,
మీ మరదలు


ఫిబ్రవరి 16

కొంపముంచిన మరదలికి,

నా అయిదో తారీకు ఉత్తరం నీకు అందే లోపలే నీ ఉత్తరం ఇక్కడికి బయల్దేరిపోయిందన్నమాట. పోస్టుమాన్లు ఇద్దరూ దారిలో ఎదురుపడి నవ్వుకుని ఉంటారు.

ఇవాళ సోమవారం. ఎనిమిదింటికి అందరం గోడ ముందు నిలబడ్డాం. రంగులన్నీ అయ్యాక మేనేజరు గారు జేబులోంచి ఒక కవరు తీశారు. వేరే ఊరి కౌన్సిల్ నుంచి తనకి ఉద్యోగం ఇస్తామని పిలుపొచ్చిందని, అందులో ఈ సైటు వాళ్ళ ప్రస్తావన ఉంది కాబట్టి దాచడం బాగుండదని అన్నారు. అని చదివారు. "మా బావగారు మీ దగ్గర ప్లంబరు. మీ పేరు చెబితే ఆయనకి ఒళ్ళు మంట. మిమ్మల్ని ఎవరైనా తీసుకుపోతే బాగుండునని రాశారు. ఇరవై రెండేళ్ళుగా ఆయన్ని ఎవరూ ఏమీ అనలేదు కాబట్టి, ఆయనకి ఇంత మంట పుట్టించిన మనిషికి పని బాగా తెలిసి ఉండాలి. దయచేసి వెంటనే రండి."

 కరెంటువాడు తల వంచుకుని భుజాలు కదిలిస్తున్నాడు. ఏడుస్తున్నాడనుకున్నాను, నవ్వుతున్నాడు.

మేనేజరు గారు కాగితం మడిచి, తనకి ఇంతవరకూ వచ్చిన సిఫారసు ఉత్తరాల్లో ఇదే నికార్సయినదని అన్నారు. తర్వాత నా వైపు తిరిగి, "వెళ్ళమంటారా?" అని అడిగారు. ఎగతాళిగా కాదు, నిజంగానే అడిగారు.

"వెళ్ళొద్దండీ" అన్నాను. ఇంకా చాలా చెప్పాలనుకున్నాను, రాలేదు. రెండోసారి టెస్టులో ముల్లు రోజంతా వెంట్రుక వాసి కదల్లేదని, కాంక్రీటు కూడా పోసేశామని, అది పోస్తున్నంతసేపూ గుండె మీద చెయ్యేసుకుని నిలబడ్డానని, ఆవిడ ఆపకపోయి ఉంటే ఆ నీళ్ళు నా పేరు మీద ఎన్నేళ్ళు కారేవో అని... ఏదీ నోటికి రాలేదు. కాగితం ఉంటే చెప్పేవాణ్ణి.

ఆలోచించుకుని వాళ్ళకి జవాబు రాస్తానన్నారు. ఏం రాస్తారో నీకే తెలుస్తుంది. తెలిసిన నిమిషం నాకు రాయి.

నీ వల్ల తలెత్తుకోలేని,
బావ


ఫిబ్రవరి 23

బావగారూ, బావగారూ,

క్షమించండి. మీ రెండు ఉత్తరాలూ వరసగా చదివి నెత్తి బాదుకున్నాను. కానీ ఒకటి గమనించాను. మూడో తారీకు ఉత్తరంలో "అంది, అంది, అంది" అని ఉంది. అయిదో తారీకు ఉత్తరంలో ఎల్బో బల్ల మీద పెట్టిన దగ్గర్నుంచీ "చూశారు, అడిగారు, జరిపారు". మీకు తెలిసి రాశారో, తెలీక రాశారో!

ఆవిడ జవాబు వచ్చింది. మా అధ్యక్షురాలు నా చేతికే ఇచ్చారు. ఒక ముక్క ఉన్నదున్నట్టు రాస్తున్నాను, కూర్చుని చదవండి: "ఇక్కడి పని పూర్తయ్యాకే రాగలను. మీ బస్టాండులో వాన నీళ్ళ పని ఉంటుంది కాబట్టి ఈ ప్లంబరు గారు టెండరు వేస్తే సంతోషిస్తాను. తప్పు తనదేనని అడక్కుండానే నలుగురిలో చెప్పిన పనివాణ్ణి నేను ఇన్నేళ్ళలో ఈయన్నే చూశాను."

ఆవిడ తిట్టలేదని మీరు ముద్ద దిగక బాధపడ్డారు. ఆవిడ మీ గురించి మనసులో ఏమనుకున్నారో ఇప్పుడు తెలిసిందా? నేను ఆఫీసులో అందరికీ వినబడేలా చదివాను. టెండరు మాత్రం అందరిలాగే వేయాలి, మరదలి కోటా ఏమీ లేదు.

ఉబ్బితబ్బిబ్బై అక్కకి కూడా ఒక కార్డు పడేశాను. ఎల్బో ఊసు ఎత్తలేదు, భయపడకండి. సంతోషం వార్త మాత్రమే రెండు ముక్కల్లో రాశాను.

ఆనందం పట్టలేని,
మీ మరదలు


మార్చి 2

మరదలా,

నువ్వు కార్డులు రాయడం మానెయ్. ఆ మాట ముందు చెప్పి తర్వాత సంగతిలోకి వస్తాను.

నువ్వు రాసిన రెండు ముక్కలూ నాకు ఇప్పుడు కంఠతా వచ్చు. "అక్కా, క్యాలెండరమ్మ బావని తనతో తీసుకుపోతానంటోంది. ఇంత మంచి అవకాశం మళ్ళీ రాదు, ఒప్పుకో." ఇంట్లో నేను ఎప్పుడూ మేనేజరు అనే అంటాను. క్యాలెండరమ్మ అనే మనిషి ఈ భూమ్మీద ఉందని మీ అక్కకి తెలీదు. అది కార్డు కావడంతో పోస్టుమాను, పక్కింటివాళ్ళు, ఎదురింటి దర్జీ కూడా చదివేశారు. దర్జీ మీ అక్కని ఓదార్చాడట.

మీ అక్క కార్డు చేత్తో పట్టుకుని తిన్నగా సైటుకి వచ్చింది. నేను గుంటలో ఉన్నాను, పైనుంచి గొంతు వినిపించింది. "మీలో క్యాలెండరమ్మ ఎవరు?"

సైటు మొత్తం సుత్తి చప్పుడుతో సహా ఆగిపోయింది.  మేనేజరు గారు ఆఫీసు గుమ్మంలో నిలబడి ఉన్నారు. ఆవిడ మా అందరి మొహాలూ ఒక్కొక్కటే చూసి, వెనక్కి తిరిగి గోడ మీది కాగితం చూసి, మళ్ళీ మా వైపు తిరిగారు.

"నేనే అయ్యుండాలి" అన్నారు.

పైకెక్కడానికి నిచ్చెన దొరక్క నేను గుంటలోనే చుట్టూ పరిగెత్తాను. ఎక్కేసరికి ఇద్దరూ లోపలికి వెళ్ళిపోయారు. మేనేజరు గారు టెండరు సంగతీ, దాంతోపాటు ఎల్బో సంగతీ మొత్తం చెప్పేశారు. నేను దాచానని ఆవిడకేం తెలుసు! తర్వాత మీ అక్క నెత్తిన ఒక హెల్మెట్ పెట్టి సైటంతా తిప్పారు.

ఆడవాళ్ళు బట్టలు మార్చుకునే గది గోడలు లేచాయి, ఇంకా తలుపులు పెట్టలేదు. మీ అక్క అందులో నిలబడి, తలుపు ఎటు తెరుచుకుంటుందని అడిగింది. చూపించారు. లోపల అటూ ఇటూ నాలుగడుగులు వేసి, అలా తెరిస్తే కొలనులో ఉన్న సగం ఊరికి తను కనిపిస్తానంది. నక్ష గీసినాయన చూడలేదు, ఛైర్మన్ గారు చూడలేదు, నేను ఆ గదిలోనే షవరు గొట్టాలు వేసి కూడా చూడలేదు. మేనేజరు గారు అక్కడికక్కడే సుద్దముక్కతో నేల మీద తలుపు గీసి, రెండోవైపు తిప్పి గీసి, మీ అక్కని నడిచి చూడమన్నారు. తలుపు బిగించేశాక అయితే బాధే కానీ ఇంకా రాలేదు కాబట్టి మార్చడం తేలికట. నక్ష గీసినాయన ఒప్పుకుని సంతకం పెట్టేశాడు.

ఇవాళ సోమవారం మీటింగుకి వెళ్తే గోడ మీద కొత్త గీత ఉంది, గులాబీ రంగు. ఎవరిదని అడిగాను. మీ అక్కదట. వాడబోయే వాళ్ళ తరఫున ప్రతి సోమవారం వచ్చి చూస్తుందట. నా పక్కనే నిలబడి ఉంది, హెల్మెట్ పెట్టుకుని, నాకంటే నిటారుగా.

మీ అక్క సైటుకి వచ్చిన రోజు ఇంటికి వెళ్తూ దారంతా ఒకటే భయం, ఎల్బో సంగతి తననుంచి ఎందుకు దాచానని అడుగుతుందని. మీ అక్క తలుపు గడియ వేసి, కుర్చీ లాక్కుని కూర్చుని, "ఏదీ, కడ్డీల వాళ్ళు చెప్పిన ఆ పెన్సిలు వేషం నాకూ వేసి చూపించండి" అంది. వేశాను. కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వి, అప్పుడు అడిగింది, ఎందుకు చెప్పలేదని. నీ ముందు చిన్నబోతానేమోనని అన్నాను. చిన్నబోవాలంటే ఇంకా చాలా ఉన్నాయిలెండి, ఇదొక్కటీ పెద్దరికమే అంది.

టెండరు కాగితాలు పంపించు.

మీ అక్క పక్కన నిలబడుతున్న,
బావ


మార్చి 12

బావగారికి,

ఇక కార్డులు రాయను. దర్జీ గారికి నా క్షమాపణలు చెప్పండి.

కాగితాలు దీంతోనే పెడుతున్నాను. మా కౌన్సిల్ మీ మేనేజరు గారిని తీసుకోవడానికి ఓటు వేసింది. ఒక్కరు తప్ప అందరూ సరే అన్నారు. ఆ ఒక్కరూ టైర్ల గాలి ఆయన. ఆవిడ వచ్చేదాకా బస్టాండు పని ముట్టుకోవద్దని ఆర్డరు. ప్రస్తుతం అందులో కూరగాయలు అమ్ముతున్నారు, ఎండ తగలదని అందరికీ బాగా నచ్చింది.

ఇంకో సంగతి. ఆవిడ నాకు విడిగా ఒక ఉత్తరం రాశారు. నేను గీసే నక్షలు కడుతున్నప్పుడు పక్కనే ఉండి చూడడం నాకు ఇష్టమేనా అని. పన్నెండేళ్ళ ఉద్యోగంలో నన్ను ఆ మాట అడిగినవాళ్ళు లేరు. ఇష్టమేనని ఎనిమిది పేజీలు రాశాను. కుదిస్తే ఒక పేజీ వచ్చింది, అది పంపాను.

కొలను తెరిచే రోజుకి రావాలని ఎంతో ఉంది. సెలవు దొరకదు. నా బదులు కూడా మీరే చూసి, ఒక్క చుక్క వదలకుండా రాయండి.

మీ మరదలు


జూన్ 14

మరదలు పిల్లకి,

ఒక్క చుక్క వదలొద్దన్నావు. కానీ అసలు ముచ్చట నేను చూడనేలేదు, విన్నాను. అది విను.

మొదటి రోజు పంపు గది వదిలి కదలనని నాకు నేనే మాటిచ్చుకున్నాను. అది కొలను పక్కనే, నేల మట్టానికి కింద. కిటికీ లేదు. మూడు పంపులు, వడపోత డ్రమ్ములు, ఒక పెద్ద తొట్టి. కొలను అంచు పొర్లి వచ్చే నీళ్ళన్నీ ఆ తొట్టిలోకే దిగుతాయి. దాని మట్టం చూపించే గాజు గొట్టం ముందు స్టూలు వేసుకుని కూర్చున్నాను.

పైన ఊరంతా వచ్చింది. అడుగుల చప్పుడు తెలుస్తోంది. ఛైర్మన్ గారి ఉపన్యాసం మైకులో గరగరమని వినిపించింది. చప్పట్లు. అవీ ఆగాయి. గాజు గొట్టంలో మట్టం కదల్లేదు. ఒక్క మనిషి కూడా దిగలేదన్నమాట. మీ అక్క తర్వాత చెప్పింది, అందరూ అంచు చుట్టూ వరసగా నిలబడి, ముందు ఎదుటివాళ్ళు దిగాలని ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారట. అప్పుడు మట్టం ఒక వెంట్రుక వాసి లేచింది. ఎవరో దిగారు. ఒక్కరే. నాకెందుకో తెలిసిపోయింది, మీ అక్కే అని.

ఆ తర్వాత ఏమైందో ఎలా చెప్పను! దబదబమని పిడుగులు పడ్డట్టు, పైనుంచి అరుపులు, కేకలు. గొట్టాల్లో నీళ్ళు హోరుమంటూ తొట్టిలోకి దూకాయి. మట్టం ఎక్కుతోంది, ఎక్కుతోంది, నేను స్టూలు మీంచి లేచి నిలబడి "రండి, రండి" అంటున్నాను, గదిలో నేనొక్కణ్ణే ఉండి. ఊరు మొత్తం దిగితే నీళ్ళు ఎంత పైకి రావాలని లెక్క వేశామో సరిగ్గా అక్కడికి వచ్చి ఆగింది. నా జాయింట్లన్నీ వరసగా చేత్తో తడిమాను. అన్నీ పొడిగా ఉన్నాయి.

అంతలో మేనేజరు గారు మెట్లు దిగి వచ్చారు, చెప్పులు చేత్తో పట్టుకుని, మోకాళ్ళ దాకా తడిసి. నన్ను పైకి వెళ్ళమన్నారు. మొదటి రోజు కదండీ అన్నాను. "అందుకే వెళ్ళమంటున్నాను" అని నా స్టూలు మీద కూర్చున్నారు.

ఎక్కి వెళ్ళాను. ఎండకి కళ్ళు చెదిరాయి. నీళ్ళు కనపడలేదు, తలలే తలలు. పోస్టుమాను, దర్జీ, కడ్డీల వాళ్ళు, కరెంటువాడు, మనవరాల్ని మెడ మీద ఎక్కించుకున్న ఛైర్మన్ గారు. మధ్యలో మీ అక్క. నేను అంచున నిలబడి చొక్కా గుండీలు విప్పుతుంటే నన్ను చూసి ఏదో అంది. ఆ గోలలో ఒక్క ముక్క వినపడలేదు. వినపడకపోయినా సరేనన్నాను, అని దూకాను.

చెవుల్లో ఇంకా నీళ్ళున్న,
బావ